మెట్ల వంతు

గ్లాస్గోలో ఆ వారమంతా వాన.
తలుపులు తట్టడం నా పని.
పదకొండు ప్రశ్నలు, జవాబుకో గడి.
తొమ్మిదో ప్రశ్న దగ్గర మాత్రం
మనుషులు తలుపును కాస్త దగ్గరికి లాక్కుంటారు:
"బయటి దేశాలవాళ్ళు వచ్చి స్థిరపడటం మీకు ఎంతవరకు ఇష్టం?
ఒకటి నుంచి పది దాకా చెప్పండి."

ముందు మిట్టమీది వీధి.
కొలిచి కత్తిరించిన నిలువెత్తు పచ్చకంచెలు.
చెత్తడబ్బా మూడు వారాలు కదలకపోతే గాని
పక్కింట్లో ఎవరు పోయారో తెలియని దూరం.
వాల్టర్ డనాకీ గారు లోపలికి రమ్మన్నారు.
బిస్కట్లు పెట్టారు, తడిసిన నా కోటు
హీటరు మీద తనే ఆరేశారు.
మంచాయన.
"మునిగిపోయాం తల్లీ, ఊరికి ఊరే," అన్నారు.
"ఈ వీధిలోనా?"
"ఇక్కడెవరున్నారు? టీవీలో చూడ్డం లేదూ?"
కిటికీ అవతల ఒక పిల్లి
ఏ తొందరా లేకుండా రోడ్డు దాటింది.
ఒకటి, అని రాసుకున్నాను.
కోటు తొడుక్కుంటుంటే చెప్పారు,
కింద నదివైపు, తాము పుట్టిన మేడలోనే
అక్క ఇంకా ఉంటోందని.
"దాన్నడుగు. నాకంటే గట్టిగా చెబుతుంది."

నాలుగంతస్తులు, ఎనిమిది వాకిళ్ళు, ఒకటే మెట్లు.
గోడకు ఆకుపచ్చ పలకలు, వాటిమీద
భుజాలు రాసుకుని రాసుకుని పోయిన నునుపు.
ఒక మలుపులో ఉడికే క్యాబేజీ, ఒక మలుపులో తడికుక్క,
పైనుంచి మాడీ మాడని కాఫీగింజల పొగ.

ఇసబెల్ డనాకీ గొలుసు తియ్యకుండానే విన్నది.
"ఎవరి గురించి?" అంది.
"అంటే... వలస వచ్చినవాళ్ళు..."
"అదేనమ్మా, ఎవరు? మూడో అంతస్తు కుడివైపా, ఎడమవైపా?"

నా కాగితంలో అంతస్తులు లేవు.

గొలుసు తీసింది.
మేకుకు వేలాడే అట్టముక్క చూపించింది:
"ఈ వారం మెట్లు కడిగే వంతు మీది."
"మా అమ్మ రాసింది. వాకిలి నుంచి వాకిలికి తిరుగుతుంది.
స్లొవాకియా వాళ్ళు దిగిన వారమే
తీసుకెళ్ళి వాళ్ళ తలుపుకు తగిలించాను.
చదవలేరని తెలిసే తగిలించాను, ఎందుకు దాచడం?
బుధవారం లేదు. గురువారం లేదు.
మునిసిపాలిటీకి ఫిర్యాదు రాసి స్టాంపు కూడా అంటించా.
శుక్రవారం పొద్దున పోస్టు చెయ్యబోతూ
జర్రున జారాను.
మెట్లన్నీ తడి!
తన వాటా ఒక్క వరసేనని తెలియక
ఆ జానెటా పైనుంచి వీధిదాకా కడిగేసింది.
నా కాళ్ళపట్టా కూడా ఉతికిపెట్టింది.
అది మళ్ళీ దాని ఆకారానికి రాలేదనుకో."

"మరి ఫిర్యాదు?"
"స్టాంపు ఊడదీసి కరెంటు బిల్లుకు వాడుకున్నా."

"అయితే పది వేసుకోనా?" అన్నాను.
"పదా! శనివారం వాళ్ళబ్బాయి అకార్డియన్ వింటే నువ్వు వేస్తావా పది?
ఎడమవైపు సెహాయ్, ఎరిత్రియా పిల్ల,
నేను బట్టలు ఆరేసినప్పుడే గింజలు వేయిస్తుంది.
మూడుసార్లు చెప్పా. నా కుక్క గురించి తను నాలుగుసార్లు చెప్పింది.
కుడివైపుకి ఎనిమిది రాసుకో, శనివారాలు తప్ప.
ఎడమవైపుకి ఆరు.
మొన్న మోకాలు పట్టేస్తే సూప్ తెచ్చింది, కారం ఎక్కువ,
ఆరున్నర చెయ్యి."

"ఇక ముందు వచ్చేవాళ్ళు?"
"రానివాళ్ళ సంగతి నాకేం తెలుసు?
రానీ. అట్ట తగిలించి చూద్దాం."

తలుపు వేస్తూ మళ్ళీ తెరిచింది.
"వాల్టర్‌ని కలిశావా? వాడేమన్నాడు?"
చెప్పకూడదు, నియమం.
నా ముఖం చూసి తనే అంది:
"వాడు మెట్లు కడిగి ముప్పై ఏళ్ళయింది."

నేనుండే మేడకు లిఫ్టు ఉంది.
తలుపు తెరుచుకునేదాకా అందరం అంకెలనే చూస్తాం.
తొమ్మిదో ప్రశ్న నన్నింతవరకూ ఎవరూ అడగలేదు.

గడి ఖాళీగా వదిలి దిగాను.
రెండో అంతస్తులో ఎవరో వంగి తుడుస్తున్నారు,
ముఖం చూపలేదు, బకెట్ మాత్రం
కొంచెం పక్కకు జరిపారు.
మడమలెత్తి, గోడవారగా నడిచాను,
తడిమీద నా అడుగు పడకుండా.